పరదేశంలో జబ్బు చేస్తే: అక్కడే చూపించుకోవాలా, ఇంటికి రావాలా?

విశాఖపట్నంలో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తుంది. ఔటర్ హార్బర్ బయట లంగరు వేసిన ఓడలో ఫిలిప్పీన్స్ నావికుడికి కడుపునొప్పి మొదలైతే అతనికి మన ఊరు పరదేశం. సింగపూర్ షిప్‌యార్డులో శ్రీకాకుళం వెల్డరుకో, దుబాయ్‌లో గాజువాక ఎలక్ట్రీషియనుకో, న్యూజెర్సీలో కూతురింటికి వెళ్లిన స్టీల్‌ప్లాంట్ రిటైరీకో ఒంట్లో బాగోకపోతే వాళ్లకు అక్కడి ఆసుపత్రి పరాయిది. అందరూ తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఉన్నచోటే చూపించుకోవాలా, ఓర్చుకుని ఇంటికి వచ్చి చూపించుకోవాలా?

సలహాలకు కొదవ లేదు. చిక్కల్లా ఒకచోటి అనుభవాన్ని మరోచోటికి అతికించడంతో వచ్చింది. అమెరికాలో బిల్లు చూసి అదిరిపోయినవాడు లండన్ వెళ్లే చెల్లెలికీ అదే భయం నూరిపోస్తాడు. గల్ఫ్ కంపెనీ ఆసుపత్రిలో బాగా చూశారన్నవాడి మాట నమ్మి, బీమా లేకుండా వెళ్లినవాడు ఇరుక్కుంటాడు. నావికుడికి చట్టం ఇచ్చిన హక్కులు కూలీకి లేవు. కూలీకి ఉన్న కంపెనీ బీమా, మనవణ్ని చూడడానికి వెళ్లిన అమ్మమ్మకు లేదు. వీళ్లందర్నీ కలిపి ‘విదేశంలో వైద్యం’ అని ఒకే గాటన కట్టి వాదించుకున్నంత కాలం ఆ వాదన తెగదు.

కూలీ ఓడల నుంచి కన్వెన్షన్ల దాకా

1860 నవంబరు 16న ఒప్పంద కూలీలతో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలో తెలుగు జిల్లాల మనుషులూ ఉన్నారు. ఒప్పంద కూలీల ఓడల్లో సర్జన్ ఉండేవాడు. తోటలో దిగాక వైద్యం చేయించే పూచీ యజమానిదని కాగితం మీద రాసి ఉండేది. జబ్బు నిజమా, పని ఎగ్గొట్టే నాటకమా అని తేల్చేది కూడా ఆ యజమాని మనుషులే. ఎక్కడ చూపించుకోవాలో ఎంచుకునే అవకాశం కూలీకి లేదు.

బర్మా దారి వేరు. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన వేల మంది మేస్త్రీల చేతుల మీదుగా వెళ్లారు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసే ఈ మనుషులకు ఒప్పంద కూలీలకున్నపాటి చట్టం కూడా లేదు. జబ్బు చేస్తే మేస్త్రీ, సొంత ఊరివాళ్లే దిక్కు. 1921లో రంగూన్‌లో రామకృష్ణ మిషన్ సేవాశ్రమం ఆసుపత్రిగా మొదలవడానికి ఇలాంటి దిక్కులేని రోగులే కారణం. పరదేశంలో యజమానీ ప్రభుత్వమూ పట్టించుకోని రోగిని ధర్మసంస్థలూ కుల, ప్రాంత సంఘాలూ ఆదుకోవడం అప్పుడే కనిపిస్తుంది. ఇవాళ అమెరికాలో తెలుగు సంఘాలు నడిపే అత్యవసర సహాయ బృందాలు ఆ కోవలోవే.

అంతర్జాతీయ ఒప్పందంతో లిఖిత హక్కు దక్కింది నావికులకు. 1924లో బ్రస్సెల్స్ ఒప్పందం ఏ రేవులో దిగిన వ్యాపార నావికుడికైనా సుఖరోగాలకు ఉచిత చికిత్స ఇవ్వాలంది. దయతో ఇచ్చిన హక్కు కాదది. రోగం రేవు నుంచి రేవుకు పాకుతుందన్న భయం ఇప్పించింది. విశాఖ రేవు 1933లో తెరుచుకున్న రెండేళ్లకు, 1935లో, రోమ్‌లో గ్విడో గ్విడా అనే వైద్యుడు నడిసముద్రంలోని ఓడలకు రేడియోలో ఉచితంగా వైద్య సలహా ఇచ్చే కేంద్రం పెట్టాడు. ఇప్పుడు మనం టెలీమెడిసిన్ అని కొత్తగా చెప్పుకుంటున్నది నావికులకు తొంభై ఏళ్ల పాతది. 1987లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నావికుల ఆరోగ్యంపై వేరే కన్వెన్షన్ తెచ్చింది. నావికులపై ఆ సంస్థ తెచ్చిన ఇలాంటి కన్వెన్షన్లు చాలావరకు 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లో చేరాయి. అది 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. భారత్ 2015లో ఆమోదించింది.

నావికుడి హక్కు, నావికుడి భయం

ఈ కన్వెన్షన్‌ను ఓడల మీద అందరూ ఎంఎల్‌సీ అనే అంటారు. ఇది చెప్పేది సూటిగా ఉంటుంది. ఓడ ఆగిన రేవులో, వీలైన ప్రతిచోటా, నావికుడు ఆలస్యం లేకుండా డాక్టరు దగ్గరికో పంటి డాక్టరు దగ్గరికో వెళ్లవచ్చు. ఖర్చు ఓడ యజమానిది. నయమయ్యే దాకా, లేదా ఇక నయం కాదని తేలే దాకా యజమాని భరించాలి. దేశాలు దీనికి గడువు పెట్టుకోవచ్చు కానీ ఆ గడువు 16 వారాలకు తగ్గకూడదు. జబ్బుతో ఓడ మీద ఉన్నన్నాళ్లూ, ఇంటికి పంపే వరకూ పూర్తి జీతం ఇవ్వాలి. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఎక్కి, మూడు రోజులకు మించిన అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో డాక్టరు ఉండాలి. విశాఖకు బొగ్గు, ఖనిజం, చమురు మోసే ఓడల్లో ఉండేది ఇరవై పాతిక మంది. అక్కడ డాక్టరు పని చీఫ్ ఆఫీసరో సెకండ్ ఆఫీసరో చూస్తాడు. అతని దగ్గర మందుల అలమర, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓడల కోసం వేసిన వైద్య గ్రంథం, శాటిలైట్ ఫోను ఉంటాయి. ఇన్‌మార్శాట్ ఉపగ్రహ సేవలో వైద్య సలహాకు 32, రోగిని దించడానికి 38 అని పొట్టి నంబర్లున్నాయి.

కాగితం మీద హక్కు ఇంత గట్టిగా ఉండగా, నొప్పి దాచుకుని డ్యూటీ చేసే నావికులు ఎందుకు ఉంటారు? సమాధానం అదే కన్వెన్షన్‌లో, కింది పేరాలో ఉంది. ఓడ ఎక్కేటప్పుడు కావాలని దాచిన జబ్బుకు యజమాని బాధ్యత వహించనక్కర్లేదు. సైన్ ఆన్‌కు ముందు జరిగే మెడికల్‌లో బీపీ కాస్త ఎక్కువ చూపిస్తే కాంట్రాక్టు పోతుందని ఆ ముందు రెండ్రోజులు మాత్ర మింగి పాసైనవాడు, నడిసముద్రంలో తల తిరిగినా నోరు విప్పడు. విప్పితే రెండు నష్టాలు. బిల్లు తన నెత్తిన పడవచ్చు. సైన్ ఆఫ్ చేసి ఇంటికి పంపాక ‘అన్‌ఫిట్’ ముద్రతో తర్వాతి కాంట్రాక్టు రాకపోవచ్చు. ఒక కాంట్రాక్టుకూ మరో కాంట్రాక్టుకూ మధ్య జీతం లేని ఉద్యోగంలో ఈ భయం ఊరికే పుట్టింది కాదు. నావికుల సంఘాలు ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదే. వైద్యానికి హక్కు ఇచ్చి, వైద్యం చేయించుకున్నందుకు ఉపాధి పోయే పరిస్థితిని అలాగే వదిలేశారు.

యజమానుల వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. నావికుణ్ని దించడానికి ఓడ దారి మళ్లితే ఇంధనం, రోజుల అద్దె, రేవు ఖర్చులు తడిసి మోపెడవుతాయి. పెద్ద జబ్బైతే దగ్గరి రేవులో ఆపి, స్థిమితపడ్డాక సొంత దేశానికి పంపడమే అందరికీ మంచిదని వాళ్లంటారు. ఇలాంటి ఖర్చులకు చాలా ఓడల బీమా, ఓడ యజమానులు ఉమ్మడిగా నడుపుకునే పీ అండ్ ఐ క్లబ్బుల చేతిలో ఉంటుంది. రేవులో ఏ ఆసుపత్రి అన్నది ఏజెంటు, క్లబ్బు ప్రతినిధి కలిసి తేలుస్తారు. రోగిని అడగడం అరుదు. కోవిడ్ కాలంలో ఆ ఏర్పాటూ కూలింది. ఒక దశలో 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు ముగిసినా దిగలేక ఓడల మీదే ఉండిపోయారని అంతర్జాతీయ మారిటైమ్ సంస్థ లెక్క చెప్పింది. పంటినొప్పి నుంచి గుండెజబ్బు దాకా ఒడ్డున చూపించుకునే దారి మూసుకుపోయింది. ఎంఎల్‌సీ నిబంధనలో ‘వీలైన చోట’ అన్న సడలింపు ఎంతవరకు సాగుతుందో లోకం అప్పుడే చూసింది. ఈ మాట మీద తర్వాత సవరణలు కూడా వచ్చాయి.

చేపల పడవలు ఎంఎల్‌సీ పరిధిలోకి రావు. విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే మత్స్యకారుడికి పైన చెప్పిందేదీ వర్తించదు.

యజమాని బీమా ఉన్నవాళ్లు

గల్ఫ్, సింగపూర్‌లకు వెళ్లే ఉత్తరాంధ్ర కార్మికుల సంగతి నావికుల కంటే ఒక మెట్టు కింద, సందర్శకుల కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. సౌదీలో ప్రైవేటు రంగ విదేశీ ఉద్యోగులకు యజమానే ఆరోగ్య బీమా కట్టాలన్న చట్టం 1999లో వచ్చింది. యూఏఈలో ముందు అబుదాబీ, తర్వాత దుబాయ్ తప్పనిసరి చేశాయి. 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్లకూ వర్తించింది. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు యజమాని కట్టాల్సిన వైద్య బీమా పరిమితిని 2023 జులైలో ఏడాదికి 15 వేల సింగపూర్ డాలర్ల నుంచి 60 వేలకు పెంచారు. పాత పరిమితి ఒక పెద్ద ఆపరేషన్‌కే చాలదని అక్కడి కార్మిక సంఘాలు చాలా కాలం మొత్తుకున్నాక వచ్చిన మార్పు ఇది.

ఇక్కడ బీమా ఒక్కటే సరిపోదు. బీమా పత్రం కంపెనీ దగ్గర ఉంటుంది. ఏ క్లినిక్కుకు వెళ్లాలో క్యాంపు బాసు చెబుతాడు. సెలవు కూడా అతనే ఇవ్వాలి. పైగా చాలా గల్ఫ్ దేశాల్లో నివాస అనుమతికి వైద్య పరీక్ష ఉంటుంది. క్షయ, హెచ్‌ఐవీ లాంటివి తేలితే వీసా పోయే నిబంధనలున్నాయి. నెల రోజులుగా దగ్గు తగ్గని మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అతను లెక్కలు వేసుకుని సెలవు పెట్టి ఇంటికి వచ్చి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) చూపించుకుంటాడు. ఆ లెక్కలో తప్పు లేదు. ఆ మధ్యలో గదిలో కలిసి పడుకునే పది మందికి అంటుకునే ప్రమాదం మాత్రం ఉంది. ఒక మనిషికి తెలివైన నిర్ణయం గదికంతటికీ చేటు చేసే సందర్భమిది. దీన్ని విడిగా ఏ రోగి మీదకో నెట్టడం అన్యాయం. రోగాన్ని బయటపెట్టినవాణ్ని శిక్షించే చట్టానిదే తప్పు.

భారత ప్రభుత్వం తన వంతుగా పెట్టినవి రెండున్నాయి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టులతో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికో శాశ్వత వైకల్యానికో 10 లక్షలు వస్తాయి. వైద్యానికి ఇచ్చేది మాత్రం లక్ష. ఒక్కమాటలో, ఇది చనిపోయిన కార్మికుడి కుటుంబం కోసం పెట్టిన బీమా. జబ్బు పడినవాడికి పెద్దగా ఒరిగేదేం లేదు. రెండోది 2009లో మొదలైన భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి. దిక్కుతోచని ప్రవాసికి అత్యవసర వైద్యానికి దౌత్య కార్యాలయాలు దీన్నుంచి సాయం చేయగలవు. ఎంబసీ తలుపు తట్టాలని తెలిసినవాడికే అది అందుతుంది.

‘ఇంటికొచ్చేయ్’ అనేవాళ్లు

తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ఇది. దీని వెనక బలమైన కారణాలున్నాయి. మొదటిది ఖర్చు. దంతాల పని, కళ్లజోళ్లు, మోకాలి ఆపరేషన్లు, ఏడాదికోసారి చేయించే పరీక్షలు ఇక్కడ అక్కడి ధరలో చిన్న వంతు. డిసెంబరులో వచ్చిన ఎన్నారై పిల్లలు పెళ్లిళ్ల మధ్యలో రూట్ కెనాల్ చేయించుకుని వెళ్లడం విశాఖ దంతవైద్యులకు మామూలు విషయం. రెండోది ఆసుపత్రుల అందుబాటు. వందేళ్లు దాటిన కేజీహెచ్, ఆంధ్ర వైద్య కళాశాల, ఆరిలోవ పక్క హెల్త్ సిటీలో బారులు తీరిన ప్రైవేటు ఆసుపత్రులు, అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఉక్కునగరం ఆసుపత్రి, పోర్టువాళ్ల గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి. ఒక నగరంలో ఇన్ని ఉండగా పరాయిచోట ఎందుకన్నది సహజమైన ప్రశ్న. మూడోది మనుషులు. ఆపరేషన్ తర్వాత నెల రోజులు పక్కన కూర్చునేవాళ్లు కావాలి. ఆ మనిషి అమెరికాలో దొరకడు, దొరికినా గంటల లెక్కన జీతం ఇవ్వాలి.

స్టీల్‌ప్లాంట్, పోర్టు రిటైరీలకు ఇంకొక కారణం ఉంది. జీవితమంతా కంపెనీ ఆసుపత్రిలో కార్డు చూపించి వైద్యం చేయించుకున్న మనుషులకు ఆ కార్డు కూతురింటి దగ్గర చెల్లదు. ఇక్కడ కొనే మామూలు ఆరోగ్య బీమా పాలసీలూ చాలావరకు దేశం దాటగానే ఆగిపోతాయి. పేదలకైతే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం తిరిగొచ్చాకే పనికొస్తుంది.

ఈ వాదనలో లోపం ఎక్కడుందో చూడాలి. ఇది ఆగగలిగే జబ్బుల మీద కట్టిన వాదన. పన్ను, మోకాలు, కంటి శుక్లం ఆగుతాయి. పక్షవాతం ఆగదు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. న్యూజెర్సీ నుంచి విశాఖకు నేరుగా విమానం లేదు. మారి మారి చేరేసరికి ఒక రోజు గడుస్తుంది. గుండెనొప్పితో విమానం ఎక్కడం మరీ ప్రమాదం. క్యాబిన్‌లో గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీది గాలితో సమానం. అందుకే ఇటీవల ఆసుపత్రిలో ఉన్నవాళ్లను విమాన సంస్థలు వైద్య సమాచార పత్రం లేనిదే ఎక్కనివ్వవు. మనవాళ్లు గుండెనొప్పిని ‘గ్యాస్’ అని సర్దిచెప్పుకుని, జీలకర్ర నీళ్లు తాగి, టికెట్టు ముందుకు జరుపుకుని, విమానంలో కుప్పకూలిన ఉదంతాలు ప్రతి తెలుగు సంఘానికీ తెలుసు.

‘కదలొద్దు’ అనేవాళ్లు

ఈ పక్షంలో ఎక్కువగా విదేశాల్లోని తెలుగు డాక్టర్లు ఉంటారు. వాళ్ల మాటకు చట్టం అండ ఉంది. అమెరికాలో 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన ఎవరినైనా, బీమా ఉన్నా లేకున్నా, పరీక్షించి స్థిమితపరచాలి. డబ్బు లేదని గుమ్మం నుంచి పంపకూడదు. ఇంగ్లండులో ఎమర్జెన్సీ విభాగంలో చూపించుకోవడం, జనరల్ ప్రాక్టీషనర్‌ను కలవడం సందర్శకులకూ ఉచితమే. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి సందర్శకుడి మీద మామూలు ధరకు 150 శాతం పడుతుంది. ఆరు నెలలకు మించిన వీసాతో వెళ్లినవాళ్లు ముందే ఆరోగ్య సర్‌చార్జి కడతారు కాబట్టి వాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ స్థానికులకు లాగే అందుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఆ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776. ఇంత కట్టి కూడా ‘డిసెంబరులో వైజాగ్‌లో చూపించుకుంటాలే’ అని వాయిదా వేసే విద్యార్థులున్నారు. డబ్బు కట్టి మరీ ఆ సేవను వదులుకోవడంలో అర్థం లేదు.

ఎంటాలా చికిత్సకు హామీ ఇస్తుంది, బిల్లు మాఫీకి కాదు. ఇక్కడే సందర్శకుల బీమా రంగంలోకి వస్తుంది. తల్లిదండ్రుల కోసం పిల్లలు కొనే పాలసీలు రెండు రకాలు. ఒక్కో సేవకు ఇంత అని ముందే గీత గీసినవి చవక. మొత్తం బిల్లులో అధిక భాగం భరించేవి ఖరీదు. చవకదానితో ఆసుపత్రిలో చేరితే పాలసీ ఇచ్చేది బిల్లు ముందు చిల్లర. ఇంకా ముఖ్యమైనది పాత జబ్బుల షరతు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు చాలా పాలసీలు ఆ జబ్బులు ‘హఠాత్తుగా ముదిరితే’నే, అదీ లక్షణం కనిపించిన 24 గంటల్లో డాక్టరు దగ్గరికి వెళితేనే డబ్బిస్తాయి. అంటే ఇంట్లో రెండ్రోజులు ఓర్చుకుని చూద్దామన్న తండ్రి ఆరోగ్యంతో పాటు బీమా కూడా పోగొట్టుకుంటాడు. ఈ షరతు పాలసీ కొన్న కొడుక్కి కూడా సాధారణంగా తెలియదు.

కదలొద్దనేవాళ్లు రెండు సంగతులు తక్కువ చేసి చెబుతారు. అత్యవసర స్థితి గడిచాక ఆసుపత్రికి చట్టపరమైన బాధ్యత చాలావరకు తీరిపోతుంది. మంచాన పడ్డ, బీమా లేని విదేశీ రోగిని ఏం చేయాలన్నది అమెరికాలో పాత వివాదం. 2003లో ఫ్లోరిడాలో ఒక ఆసుపత్రి రాష్ట్ర కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, మెదడుకు గాయమైన వలస కూలీని సొంత ఖర్చుతో విమానంలో గ్వాటెమాలాకు పంపించేసింది. అతని కుటుంబం కోర్టుకెక్కింది. అతన్ని పంపే అధికారం రాష్ట్ర కోర్టుకు లేదని అప్పీలు కోర్టు చెప్పింది. జ్యూరీ మాత్రం ఆసుపత్రిది తప్పు కాదంది. ‘ఇంటికి పంపడం’ రోగి కోరికో, ఆసుపత్రి చేతులు దులుపుకోవడమో తేల్చడం కష్టమన్నది ఆ కేసు చెప్పే పాఠం. రెండోది, లాభాపేక్ష లేని ఆసుపత్రులకు పేద రోగుల బిల్లు తగ్గించే విధానం రాతపూర్వకంగా ఉండాలని అమెరికా చట్టమే చెబుతుంది. దరఖాస్తు పెట్టాలని తెలియక అప్పు చేసి కట్టేవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో తీర్చని బిల్లు వేరే రూపంలో బెడిసికొడుతుంది. 500 పౌండ్లు దాటిన ఎన్‌హెచ్‌ఎస్ బాకీ రెండు నెలలు తీర్చకపోతే తర్వాతి వీసా దరఖాస్తు తిరస్కరణకు కారణం కావచ్చు.

ఫోను డాక్టరు

మూడో పక్షం ఈ మధ్య బలపడింది. విశాఖలో తమను పాతికేళ్లుగా చూస్తున్న డాక్టరుకు వాట్సాప్‌లో రిపోర్టులు పంపి, ఆయన చెప్పిన మందు వాడడం. రోగి చరిత్ర తెలిసిన మనిషి, తెలుగులో మాట్లాడతాడు, ఫీజు తక్కువ. సలహాగా ఇది మంచిదే. చట్టం మాత్రం దీనికి తలుపు తీయలేదు. 2020 మార్చిలో వచ్చిన మన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు దేశం బయటి రోగులకు వర్తించవని స్పష్టంగా చెప్పాయి. అమెరికాలోనూ రోగి ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్న డాక్టరే చికిత్స చెప్పాలి. ఇక్కడి డాక్టరు రాసిన చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. కాబట్టి ఆచరణలో ఇది సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలతో నడుస్తుంది. ఆ సూట్‌కేసు కూడా అన్నిచోట్లా సాఫీగా దాటదు. ట్రామడాల్, కోడీన్ ఉన్న మందులతో గల్ఫ్‌లో దిగితే చీటీ, ముందస్తు అనుమతి లేనప్పుడు కేసులే ఎదురవుతాయి.

ఫోను డాక్టరుకు అన్నిటికంటే మంచి ఉపయోగం చికిత్స చెప్పడంలో లేదు, అనువదించడంలో ఉంది. అక్కడి డాక్టరు చెప్పింది ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, పాత మందుల అసలు పేర్లు రాసి పంపడం లాంటివి. అమెరికాలో ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, తెలుగు దుబాసీ ఫోనులో దొరుకుతారు. చాలామంది అడగరు, కొడుకో కోడలో మాట్లాడేస్తారు. తల్లి చెప్పుకోలేని ఆడవాళ్ల సమస్యలు ఆ అనువాదంలోనే జారిపోతాయి.

ఒకే నొప్పి, ఐదు చోట్లు

యాభై ఎనిమిదేళ్ల మనిషికి తెల్లవారుజామున ఛాతీ పట్టేసి చెమటలు పోశాయనుకుందాం. విశాఖలో అయితే 108. లండన్‌లో 999 నొక్కాలి, బిల్లు సంగతి వార్డులో చేరాక తేలుతుంది. దుబాయ్‌లో 998, కంపెనీ బీమా కార్డులో ఏ ఆసుపత్రి నెట్‌వర్కో వెతుక్కోవడానికి అది సమయం కాదు. న్యూజెర్సీలో 911, అప్పుల భయంతో కారులో అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లడం పొరపాటు. ఆ క్లినిక్కు కూడా చివరికి అంబులెన్సే పిలుస్తుంది, గంట వృథా. బంగాళాఖాతం నడుమ ఓడ మీద అయితే ఆస్పిరిన్, శాటిలైట్‌లో డాక్టరు, ఆపైన దారి మళ్లించాలా వద్దా అన్న కెప్టెన్ నిర్ణయం. కోస్ట్ గార్డ్ పడవో హెలికాప్టరో చేరే దూరంలో ఉన్నాడా లేడా అన్నదే అప్పుడు లెక్క.

అదే మనిషికి మోకాలు అరిగిందనుకుంటే ఈ సలహాలన్నీ తలకిందులవుతాయి. లండన్‌లో నెలల తరబడి వరుసలో నిలబడాలి, న్యూజెర్సీ పాలసీ పాత జబ్బని కొట్టేస్తుంది, దుబాయ్‌లో కంపెనీ సెలవివ్వదు. అప్పుడు హెల్త్ సిటీయే సరైనది. రెండు పక్షాలూ తమ తమ జబ్బుల విషయంలో కరెక్టే. పొరపాటు మధ్యలో ఉన్న జబ్బుల దగ్గర జరుగుతుంది. తగ్గని జ్వరం, కాలి వాపు, రెండు నెలలుగా బరువు తగ్గడం, మలంలో రక్తం. ఇవి ఆగగలవో లేదో డాక్టరు చూస్తేనే తెలుస్తుంది. నా అభిప్రాయంలో వీటికి ఒకే దారి. నిర్ధారణ ఉన్నచోటే చేయించుకోవాలి, ఎంత ఖర్చైనా. చికిత్స ఎక్కడన్నది ఆ కాగితం చేతిలో పడ్డాక తేల్చుకోవచ్చు.

మన ఊరికి వచ్చినవాళ్లు

ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఆఫ్రికా, ఆసియా విద్యార్థులకు, రేవులో దిగే నావికులకు విశాఖే పరదేశం. వాళ్లను ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులే చూస్తాయి, ధర నిర్ణయించేది కూడా అవే. 2019లో కేంద్ర హోంశాఖ నిబంధన సడలించి, వేరే వీసా మీద వచ్చినవాళ్లు కూడా జబ్బు పడితే మెడికల్ వీసాకు మారకుండా చికిత్స పొందే వీలు కల్పించింది. అవయవ మార్పిడికి మాత్రం మెడికల్ వీసా ఉండాల్సిందే. మనవాళ్లు అమెరికాలో అడిగే దుబాసీ హక్కు ఇక్కడి విదేశీ రోగికి ఉందా అని అడిగితే నీళ్లు నమలాల్సిందే.

తేలని సంగతులు

రెండు దేశాల మధ్య నడిచే రోగి కాగితాలు ఎవరి దగ్గర ఉండాలన్నది తేలలేదు. విశాఖలో స్టెంటు వేయించుకుని వెళ్లిన మనిషి డిశ్చార్జి సమ్మరీ అక్కడి కార్డియాలజిస్టుకు చేరదు, అక్కడి స్కాను ఇక్కడ మళ్లీ తీస్తారు. ఇక్కడ పెట్టిన దంత ఇంప్లాంటు అక్కడ వదులైతే ఎవరు బాధ్యులో ఏ చట్టమూ చెప్పదు. మనోవ్యాధుల సంగతి మరీ వెనకబడి ఉంది. నావికుల్లో, గల్ఫ్ కార్మికుల్లో, విద్యార్థుల్లో దిగులు ముదిరితే అందరూ ‘ఇంటికి పంపేయండి’ అనే అంటారు. అది చికిత్సా, తప్పించుకోవడమా అన్న చర్చ మొదలే కాలేదు. పదహారు వారాలు గడిచాక కూడా కోలుకోని నావికుణ్ని ఎవరు చూడాలన్నదీ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది.

వీటికి ఢిల్లీలోనో జెనీవాలోనో జవాబులు రావాలి. ఈలోగా విశాఖలోనే అయ్యే పని ఒకటుంది. ఇక్కడ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది, కేంద్రం నడిపే పోర్టు ఆరోగ్య సంస్థ ఉంది, నావికులకు శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి. బయల్దేరే ప్రతి మనిషికీ తెలుగులో ఒక్క పేజీ ఇవ్వవచ్చు: వెళ్లే దేశపు అత్యవసర నంబరు, తనకు వర్తించే బీమా, అది ఏ జబ్బుకు చెల్లదో, ఎంబసీ చిరునామా, వాడే మందుల అసలు పేర్లు. కాగితం ఖర్చు తప్ప వేరే ఖర్చు లేని ఈ పని ముందుగా పాస్‌పోర్టు కార్యాలయం మొదలుపెట్టాలి.